ఆఫ్రికా పల్లెలో బోరింగు వేయించే ముందు

పోయిన సంక్రాంతికి ఒంగోలు నుంచి ఒకాయన ఫోన్ చేశారు. రొయ్యల మేత వ్యాపారం ఆయనది. వాళ్లమ్మగారు పోయి ఏడాదైంది, ఆమె పేరు మీద టాంజానియాలో ఒక పల్లెకు బోరింగు వేయించాలని అనుకుంటున్నారు. దార్ ఎస్ సలామ్‌లో బావమరిది ఉన్నాడట. "ఎంతవుతుంది తమ్ముడూ? ఫొటోలు పంపిస్తారా? ఫలకం మీద తెలుగులో అమ్మ పేరు రాయించొచ్చా?" అని అడిగారు. మూడూ న్యాయమైన ప్రశ్నలే. అడగని ప్రశ్న ఒకటుంది. నాలుగో ఏడు అది చెడిపోతే ఎవరు బాగుచేస్తారు? ఆయనకు ఫోన్లో గంటసేపు చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. ఇలా వేయించాలనుకునే మనవాళ్లు చాలామందే ఉన్నారు.

మాది దర్శి దగ్గర పల్లె. మా నాన్న మండలంలో బోరింగు మెకానిక్. సెలవుల్లో ఆయన సైకిల్ వెనక పైపు రెంచీలు పట్టుకుని కూర్చుని తిరిగినవాణ్ణి. 2013లో ఒక బోర్‌వెల్ కంపెనీ రిగ్గుతో పాటు టాంజానియా వెళ్లాను. ఆ దేశం నడిబొడ్డున సింగిడా అనే ప్రాంతం. గ్రానైట్ రాయి, తుమ్మ చెట్లు, పొద్దుతిరుగుడు చేలు. మొదటి రోజు చూసి మన దొనకొండ వైపు వచ్చానేమో అనుకున్నాను. రెండేళ్లు బోర్లు వేశాను. తర్వాత నాలుగేళ్లు, వేరేవాళ్లు వేసి వెళ్లిపోయిన బోరింగులు బాగుచేస్తూ తిరిగాను. నాకు తెలిసిందంతా ఆ నాలుగేళ్లలో తెలిసిందే.

మొదట పాత బోరింగు దగ్గరికి

కొత్త బోరు ఎక్కడ వేయాలో చూడటానికి వెళ్లిన మనిషిని ముందు ఆ ఊళ్లో, పక్క ఊళ్లో ఆగిపోయిన బోరింగులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రమ్మనండి. తప్పకుండా ఉంటాయి. సహారాకు దిగువనున్న ఇరవై దాకా దేశాల లెక్కలు కలిపి 2009లో ఒక అంచనా వేశారు. చేతిపంపుల్లో 36 శాతం పనిచేయడం లేదని తేలింది. అంటే మూడింట ఒకటి ఆగిపోయి ఉంది. దాదాపు అన్నీ ఎవరో ఒకరు మంచి మనసుతో డబ్బిచ్చి వేయించినవే.

ఒక్కోదాని దగ్గర నిలబడి ఆడవాళ్లను అడగాలి. ఎప్పుడు ఆగింది? ఆగే ముందు ఏం జరిగింది? హ్యాండిల్ ఊగిందా? నీళ్లు రావడానికి ఎక్కువసేపు కొట్టాల్సి వచ్చిందా? పొద్దున్నే మొదటి నీళ్లు ఎర్రగా వచ్చేవా? మగవాళ్లను అడిగితే ఏడాది చెప్తారు, ఆడవాళ్లను అడిగితే నెల చెప్తారు. మోసేది వాళ్లే కదా.

ఈ చివరి మూడు ప్రశ్నలకు వచ్చే జవాబుల్లోనే సగం రోగం తెలిసిపోతుంది. హ్యాండిల్ ఊగితే బేరింగు పోయినట్టు. చాలాసేపు కొడితే గానీ నీళ్లు రాకపోతే అడుగున వాల్వు కారుతున్నట్టు, లేదంటే పైపుకు చిల్లి పడినట్టు. ఎర్రనీళ్లు వస్తే జీఐ పైపులు, అంటే జింకు పూత పూసిన ఇనుప పైపులు, తుప్పు పట్టినట్టు. పులుపు గుణమున్న నీళ్లలో జీఐ పైపు రెండు మూడేళ్లకే తినేసుకుపోతుంది. ఇది చూసి చూసి ఉగాండా ప్రభుత్వం 2016లో చేతిపంపులకు జీఐ పైపులు వాడొద్దని ఆపేసింది.

చాలాసార్లు కొత్త బోరు అవసరమే ఉండదు. కింద నీళ్లు పుష్కలంగా ఉండి, పైన చైను తెగి ఆగిపోయిన బోరింగులు నేనే ఎన్నో చూశాను. ఒక ఊళ్లో బడి పక్కన బోరింగు ఆరేళ్లుగా ఆగి ఉంది. విప్పి చూస్తే రెండు కప్ వాషర్లు అరిగిపోయాయి. అంతే. ఆ ఆరేళ్లూ ఆ బడిపిల్లలు వాగులో చెలమ తవ్వుకుని చిప్పతో నీళ్లు తోడుకున్నారు. మీ డబ్బుతో ఒక కొత్త బోరు వేసే బదులు నాలుగు పాతవి లేపగలిగితే అదే చేయండి. ఫలకం దానికీ పెట్టించుకోవచ్చు.

ఎందుకిలా అయింది

ఇది తెలియకుండా వెళ్తే ఆ జనం మీదే కోపం వస్తుంది, "ఇచ్చింది కూడా చూసుకోలేరా" అని. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. అది తప్పు.

1967లో టాంజానియా సోషలిజం దారి పడుతుందని చాటిన అరూషా ప్రకటన వచ్చింది. ఆ దేశపు తొలి అధ్యక్షుడు న్యెరెరె పల్లెనే దేశానికి పునాది అన్నారు. 1971లో ఇరవై ఏళ్ల పథకం పెట్టుకున్నారు. 1991 నాటికి ప్రతి ఇంటికీ 400 మీటర్లలోపు మంచినీళ్లు ఉండాలి, అదీ ఉచితంగా. మంచి మాటే. అమలుకు డబ్బు లేదు. దాంతో ఒక్కో ప్రాంతాన్ని ఒక్కో దాత దేశానికి అప్పగించారు. మ్త్వారా, లిండి ఫిన్లాండుకు, ఇరింగా, మ్బేయా, రువూమా డెన్మార్కుకు, షిన్యాంగా, మొరోగోరో నెదర్లాండ్స్‌కు. ఒక్కొక్కరు తమ పద్ధతి, తమ పంపు తెచ్చుకున్నారు. ఫిన్లాండ్ వాళ్ల నీరా పంపుకు పనికొచ్చే వాషరు డచ్చి వాళ్ల పంపుకు పనికిరాదు. డీజిల్ పంపులు పెట్టిన చోట, చమురు ధర పెరిగి, 1978-79లో పక్క దేశం ఉగాండా పాలకుడు ఇదీ అమీన్‌తో యుద్ధమొచ్చి, ఖజానా ఖాళీ అయ్యేసరికి డీజిల్ కొనే దిక్కు లేక ఇంజన్లు ఆగిపోయాయి. 1991 రానే వచ్చింది, నీళ్లు మాత్రం రాలేదు. ఆ తర్వాత నీళ్లు ఊరికే రావు, నిర్వహణ ఖర్చు ఊరే పెట్టుకోవాలన్నారు. ఇరవై ఏళ్లు ఉచితం అని విన్న జనానికి ఒక్క పొద్దులో క్యాన్‌కు ఇంత అంటే ఎలా ఉంటుంది?

పాలనలో లోపం అంటే అందరికీ లంచమే గుర్తుకొస్తుంది. లంచం ఉంది, లేదని నేననను. కానీ నేను ఎక్కువగా చూసింది వేరు. జిల్లా నీటి ఇంజనీరు నిజాయితీపరుడే. ఆఫీసు ముందు జీపు కూడా ఉంది. అందులో పోయడానికి డీజిల్‌కు బడ్జెట్ లేదు. కొత్త బోరు వేయడానికి దాత ఇస్తాడు, పాతది చూసి రావడానికి ఎవరూ ఇవ్వరు. ఆయన చేతిలో ఉన్నది ఆగిపోయిన బోరింగుల జాబితా ఒక్కటే. నీట్‌గా టైపు చేయించి గోడకు అంటించుకున్నాడు.

రిగ్గు దగ్గర

కొత్తదే వేయించాల్సి వస్తే నీటి శాఖకూ, ఆ నదీ పరీవాహక ప్రాంతపు నీళ్లు చూసే బేసిన్ వాటర్ బోర్డుకూ చెప్పకుండా రిగ్గు కదలనీయకండి. అనుమతి కాగితం ఆలస్యమవుతుంది, టెన్షన్ పడొద్దు. ఆ కాగితం లేని బోరింగు సర్కారు లెక్కలోకి రాదు. లెక్కలో లేనిదాన్ని రేపు ఎవరూ చూడరు.

సింగిడాలో వానలు డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా. బోరు అక్టోబరు, నవంబరుల్లో వేయించాలి. అప్పుడు పడిన నీళ్లే నిజమైన నీళ్లు. మార్చిలో వేసిన బోరు ఫొటోకు బాగుంటుంది.

"నీళ్లు పడితేనే డబ్బులు" అని ఒప్పందం రాసుకోకండి. వినడానికి మనకే లాభంగా ఉంటుంది. అలా రాస్తే రిగ్గువాడు ఊరికి దగ్గరగా, కష్టమైన చోట వేయడు. నీళ్లు సులువుగా పడే వాగు పక్కన వేసి పోతాడు. పడనిదానికీ ఒక రేటు రాసుకోండి.

మీటరుకింత అని ఒప్పుకుంటే లోతు మీరే కొలవాలి. మేం పనిచేసిన ఒక సైటులో పుస్తకంలో 80 మీటర్లు రాశారు. నేను రాడ్లు లెక్కపెట్టాను, 62 దాటలేదు. అడిగితే "నీ పని నువ్వు చూసుకో" అన్నారు. ఆ కంపెనీలో నేను ఎక్కువ కాలం లేకపోవడానికి అదీ ఒక కారణం. మీ తరఫున ఊరి మనిషి ఒకరు రిగ్గు పక్కనే కూర్చుని దిగిన ప్రతి రాడ్డుకూ ఒక గులకరాయి పక్కన పెట్టాలి. సాయంత్రం రాళ్లు లెక్కపెట్టి రాడ్డు పొడవుతో గుణిస్తే చాలు. అయ్యాక తాడుకు బరువు కట్టి లోపలికి వదిలి ఇంకోసారి చూడాలి. చదువు రాని ముసలాయన కూడా ఈ పని చక్కగా చేస్తాడు, చేశాడు కూడా.

ఫ్లోరైడ్ సంగతి

దీని గురించి నేను ఆగి చెప్పాలి.

మా నాయనమ్మ నడుము వంగిపోయి, నేలను చూస్తూనే నడిచేది. మా ఈడు పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు. రెండూ నీళ్లలో ఎక్కువైన ఫ్లోరైడ్ వల్లే. దర్శి, పొదిలి, కనిగిరి వైపు పుట్టినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. సింగిడాలో ఒక ఊరికి వెళ్లినప్పుడు క్యాన్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చిన పిల్లలు నన్ను చూసి నవ్వారు. అవే చారలు. నాకు కాళ్లు ఆడలేదు. అరూషా వైపు మేరు కొండ కింద ఇంకా ఎక్కువ, అక్కడిది అగ్నిపర్వతాల నేల.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. టాంజానియాలో నీళ్లకు గతిలేక ఒకప్పుడు 8 దాకా సరేనన్నారు, తర్వాత 4కు, ఆ తర్వాత 1.5కు తగ్గించారు. అన్నేళ్లు పట్టిందంటే, దిగువకు తేవడానికి వేరే నీళ్లుండాలి కదా. అది వాళ్ల నిర్లక్ష్యం అనకండి, మనకు సాగర్ కాలువ వచ్చింది, వాళ్లకు రాలేదు.

కాబట్టి బోరు పడిన రోజే, పంపు బిగించకముందే, ఒక సీసా నీళ్లు ల్యాబుకు పోవాలి. కిట్టుతో రంగు చూసి అక్కడికక్కడే ఒక అంచనాకు రావచ్చు, ఆ తర్వాత ల్యాబు కాగితం తప్పనిసరి. నీళ్లు తేటగా, తియ్యగా ఉంటాయి, నాలుకకు ఏమీ తెలియదు. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటే ఆ బోరు తాగడానికి ఇవ్వకండి. బాధగానే ఉంటుంది, డబ్బు పోయింది, జనం డప్పులతో వచ్చారు. అయినా ఇవ్వకండి. బట్టలకు, పశువులకు అని పంపుకు ఎర్రరంగు వేసి, తాగే నీళ్లకు ఇంకో చోటు చూడాలి. ఆ ఎర్రరంగు ఎందుకో సభలో అందరికీ చెప్పాలి.

శుద్ధి చేయొచ్చు కదా అంటారు. ల్యాబులో ఒకతను నాకు పటిక, సున్నం కలిపే పద్ధతి వివరిస్తూ "నల్గొండా, నల్గొండా" అన్నాడు. నాకు ఒళ్లు పులకరించింది. మన నల్గొండ పేరే! నాగపూర్‌లోని పరిశోధన సంస్థ నీరి (NEERI) 1970ల్లో తయారుచేసిన పద్ధతి అది. టాంజానియాలో, ఇథియోపియాలో కూడా వాడి చూశారు. నల్గొండ మా ఊరికి బస్సు దూరమేనని చెప్తే అతను లేచి నా చెయ్యి పట్టుకున్నాడు. పద్ధతి పనిచేస్తుంది. కానీ పటిక రోజూ కొలిచి కలపాలి, బకెట్ అడుగున దిగిన మడ్డిని దూరంగా పారబోయాలి, పటిక అయిపోతే మళ్లీ తేవాలి. అరూషా దగ్గర న్గుర్దోటో కేంద్రంలో ఎముకల బొగ్గుతో వడగట్టే పద్ధతి మీద పనిచేస్తున్నారు. అదైనా కొన్ని నెలలకు మార్చాల్సిందే. తెచ్చేవాడు, మార్చేవాడు, దానికి డబ్బు ఇచ్చేవాడు ఎవరో తేలకుండా ఫిల్టరు పెట్టకండి.

ఏ పంపు

ఆ జిల్లా సంతలో ఏ పంపు సామాను దొరుకుతుందో ఆ పంపు. మీకు నచ్చింది, మీ స్నేహితుడి ఫ్యాక్టరీలో దొరికేది, సోలారుతో మెరిసేది, అవన్నీ తర్వాత.

సాధారణంగా రెండు కనిపిస్తాయి. ఒకటి మన ఇండియా మార్క్ టూ. మన పల్లెల్లో ఉన్నదే, యూనిసెఫ్ తోడ్పాటుతో 1970ల్లో మనవాళ్లు తయారుచేశారు. ఉక్కులాంటి పంపు. లోపం ఒక్కటే, వాషరు మార్చాలన్నా పైపులన్నీ పైకి లాగాలి. 36 మీటర్ల లోతులో దించితే మూడేసి మీటర్ల పైపులు పన్నెండు. క్లాంపులు, నలుగురు మనుషులు, తెలిసిన మెకానిక్ ఉండాలి. రెండోది ఆఫ్రిదేవ్. ప్లాస్టిక్ పైపులు, లోపల నీళ్లను పైకి లాగే ప్లంజరును పైపు కదపకుండానే పైకి తీయొచ్చు. ఊరి ఆడవాళ్లే ఒక స్పానరుతో వాషరు మార్చుకుంటారు. ఒక ఊళ్లో ఇద్దరికి నేర్పాను, రెండో నెలలో నా అవసరం లేకుండానే చేసుకున్నారు. నీళ్లు 40 మీటర్లలోపు ఉండి, సామాను దొరికే చోటైతే నేను ఆఫ్రిదేవే అంటాను.

డబ్బు ఎవరి దగ్గర ఉండాలి

ఇక అసలు పని. ఊరంతా కలిసి ఏడుగురి కమిటీ వేస్తారు, ఒక పెట్టె కొంటారు, దానికి తాళం వేస్తారు. రెండేళ్లకు పెట్టె ఉంటుంది, డబ్బు ఉండదు. వెంటనే దొంగతనం అనేయకండి. నేనున్న ఊళ్లో నాకు నిజం తెలిసింది. కరువు ఏడు. మొక్కజొన్న కొనడానికి మూడు కుటుంబాలు అడిగాయి, ట్రెజరరు ఇచ్చింది. ఒక బాలింతను ఆస్పత్రికి తీసుకెళ్లడానికి ఇంకొంత. ఆవిడ స్థానంలో మా అమ్మ ఉన్నా ఇచ్చేది. కానీ చైను తెగిన రోజు పెట్టెలో ఏమీ లేదు, బోరింగు ఏడు నెలలు ఆగింది. ఆ ఏడు నెలల్లో చెరువు నీళ్లు తాగి ఆ ఊళ్లో విరేచనాలు. ఆవిడ నాతో మాట్లాడుతూ తల ఎత్తలేదు.

అందుకని డబ్బు ఒక్క మనిషి దగ్గర, ఇంట్లో ఉండకూడదు. అక్కడ ఫోన్లోనే డబ్బు ఉంచుకునే పద్ధతి 2008 నుంచి ఉంది. పక్కనే కెన్యాలో ఎం-పెసా 2007లో మొదలైంది. బోరింగు పేరుతో వేరే నంబరు తీసుకుని, పిన్ ఒకరి దగ్గర, సిమ్ ఇంకొకరి దగ్గర ఉంచండి. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు, వాళ్లలో ఒకరైనా నీళ్లు మోసే ఆడమనిషి అయి ఉండాలి. నేనున్న ఊళ్లో 20 లీటర్ల క్యాన్‌కు 50 షిల్లింగులు వసూలు చేసేవాళ్లు. కట్టలేని ముసలివాళ్ల పేర్లు సభలోనే చదివి మాఫీ చేసేవాళ్లు, చాటుగా కాదు.

అక్కడ చట్టం ప్రకారం మూడు నెలలకోసారి గ్రామసభ జరగాలి, పద్దెనిమిది నిండిన ప్రతివాళ్లూ సభ్యులే. మన గ్రామసభ లాగే కాగితం మీదే జరిగిపోయే చోట్లూ ఉన్నాయి. మీరు ఇచ్చే డబ్బుకు షరతు ఇదే పెట్టండి: ప్రతి సభలో బోరింగు జమా ఖర్చులు గట్టిగా చదవాలి, చదివిన కాగితం పంపు పక్కన గోడకు అంటించాలి. ఎన్నికల ఏడాది జాగ్రత్త. "నన్ను గెలిపిస్తే నీళ్లు ఉచితం" అని ఎవరో ఒకరు అంటారు, ఆ నెల నుంచి వసూలు ఆగిపోతుంది.

ఒక్క ఊరి కమిటీ మీదే భారమంతా వేయొద్దు. నేను తిరిగొచ్చిన ఏడాదే, 2019లో, అక్కడ కొత్త నీటి చట్టం వచ్చింది. గ్రామీణ నీళ్లకు రువాసా అనే సంస్థ పెట్టారు. కొన్ని ఊళ్లు కలిసి ఒక నీటి సంఘంగా ఏర్పడి, జీతమిచ్చి మెకానిక్‌ను, లెక్కలు రాసే మనిషిని పెట్టుకోవాలి. ఇది సరైన దారి అని నా నమ్మకం. మీ బోరింగును ఆ సంఘం పుస్తకంలో ఎక్కించండి. కెన్యాలో కిటుయి వైపు ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు చేతిపంపులకు చిన్న యంత్రాలు బిగించి, ఆగగానే మెకానిక్‌కు కబురు వెళ్లేలా చేశారు. బాగుచేయడానికి అంతకుముందు 27 రోజుల దాకా పట్టేది, మూడు రోజుల లోపుకు వచ్చింది. యంత్రం ఒక్కటే ఆ పని చేయలేదు. కబురు అందుకుని బయల్దేరడానికి జీతమున్న ఒక ఫుండి ఉన్నాడు. మెకానిక్‌ను వాళ్లు ఫుండి అంటారు, నన్నూ అలాగే పిలిచేవాళ్లు.

మీ దగ్గర పది రూపాయలుంటే ఏడు బోరుకు పెట్టి, మూడు ఆ సంఘానికి ఇవ్వండి. అదీ ఒకేసారి కాదు, అయిదేళ్లకు పంచి, ఏటా లెక్క చూపించాకే.

దంపుళ్ల లెక్క

చివరిగా ఒక చిన్న పని, ఖర్చు లేనిది. బోరింగు మొదలైన రోజు 20 లీటర్ల క్యాను నిండటానికి ఎన్నిసార్లు హ్యాండిల్ కొట్టాలో లెక్కపెట్టి, ఆ అంకెను సిమెంటు గట్టు మీద తడి ఆరకముందే రాయించండి. ప్రతి నెల మొదటి రోజు మళ్లీ లెక్కపెట్టాలి. అంకె పెరుగుతూ పోతే వాషర్లు అరుగుతున్నాయి, ఆగిపోకముందే మార్చుకోవచ్చు. ఇంకోటి, అరగంట ఎవరూ ముట్టకుండా వదిలి మళ్లీ కొట్టాలి. అయిదు దంపుళ్లలో నీళ్లు రాకపోతే కింద ఎక్కడో కారుతోంది. ఇది మా నాన్న నేర్పిన లెక్క, సింగిడాలోనూ ఇంతే.

ఒంగోలు ఆయన చివరికి కొత్త బోరు వేయించలేదు. ఒకే సంఘం కింద ఉన్న మూడు పాత బోరింగులు లేపించారు, పైపులు మార్పించారు, అయిదేళ్ల డబ్బు వాయిదాల మీద ఇస్తున్నారు. ఒకదాని గట్టు మీద వాళ్లమ్మగారి పేరు తెలుగులో ఉంది, కింద 58 అని అంకె ఉంది. ఆ అంకె రాయించమని పట్టుబట్టింది నేనే. అక్కడ లెక్క చూసే అమ్మాయి ప్రతి నెలా వాట్సాప్‌లో ఆయనకు పంపుతుంది, ఆయన నాకు పంపుతారు. ఈ నెల వచ్చింది 61.